అప్‌డేట్: విజయవాడ వానలోని తేమ ఏ సముద్రానిది?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పటి వానకు తేమంతా బంగాళాఖాతానిదేనా అని అడిగాను. తేమ ఎక్కడిదో కనిపెట్టడానికి మీరు సూచించిన రెండు పద్ధతులనూ చదివాను. మొదటిదానిలో, ఒక ప్రాంతంలో ఆవిరైన నీటికి వాతావరణాన్ని కంప్యూటరులో లెక్కించే మోడల్ లోపలే పశువుకు ముద్ర వేసినట్టు గుర్తు వేసి, అది గాలితో కదిలి, మేఘమై, వానగా రాలేవరకు మామూలు తేమకు వాడే సమీకరణాలతోనే లెక్కిస్తారు. రెండవదానిలో, వాన పడిన చోటికి గాలి వచ్చిన దారిని వెనక్కు గీసి, తేమ పెరిగిన చోట బాష్పీభవనం, తగ్గిన చోట వాన ఎక్కువని తీసుకుంటారు. ఇందులో కంప్యూటరుపై భారం తక్కువే గానీ, బాష్పీభవనం, వాన రెండూ ఒకేచోట జరిగితే వాటి తేడా మాత్రమే తెలుస్తుంది. నాకు ఇదే పెద్ద లోపమనిపించింది. ఆవిరి గాలిలో సగటున 8 నుంచి 10 రోజులు ఉంటుంది కనుక, వాయుగుండం బంగాళాఖాతంలో పుట్టినా, నైరుతి గాలులు మోసుకొచ్చే అరేబియా తేమను కొట్టిపారేయలేము. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి, ఈఆర్‌ఏ5 పునర్విశ్లేషణ (పరిశీలనలనూ మోడల్‌నూ కలిపి గత వాతావరణాన్ని తిరిగి లెక్కించిన డేటా) గాలులతో ముందుగా రెండవ పద్ధతినే ప్రయత్నిస్తున్నాను.