పక్షవాతానికి నరాల ఇంజెక్షన్లు, ఖరీదు మాత్రలు: ఎవరికైనా నిజంగా పనిచేశాయా?

నర్సంపేట_మిర్చి:
అందరికీ నమస్తే. మా బాపుకు పోయిన నెల పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని సీటీ స్కాన్ చూసి చెప్పారు. మేం చేరేసరికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ టైం దాటిపోయింది. ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తెచ్చుకున్నాం. కాలికి కొంచెం పట్టు వచ్చింది, గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. చేయి మాత్రం అట్లనే ఉంది.

చీటీలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటార్వాస్టాటిన్, బీపీ మాత్ర, షుగర్ మాత్ర ఉన్నాయి. వాటితో పాటు సిటికోలిన్, పిరాసిటమ్ కలిసిన పెద్ద మాత్ర ఒకటి, సెరెబ్రోలైసిన్ ఇంజెక్షన్ల కోర్సు ఒకటి. బిల్లులో సగానికి పైగా ఈ చివరి రెండే తింటున్నాయి. ఇంకో కోర్సు వేయిస్తే చేయి లేస్తుందంటున్నారు. ఎనుమాములలో మిర్చి అమ్మిన డబ్బు చాలావరకు అయిపోయింది. మా బావ అయితే స్టెమ్ సెల్స్ వేయిద్దాం, హైదరాబాద్ పోదాం అని పట్టుబడుతున్నాడు. వాడిన వాళ్లు ఉంటే చెప్పండి.

జనగామ_బండి:
మా అత్తమ్మకు ఆ ఇంజెక్షన్లే వేయించాం అన్నా. కోర్సు అయిపోయే లోపే చేయి పైకి లేపింది. ఇప్పుడు తన పని తానే చేసుకుంటుంది. డబ్బు చూసుకోవద్దు, వేయించెయ్.

కేయూ_ఫార్మకాలజీ:
జనగామ అన్న చెప్పింది అబద్ధం కాదు, కానీ చిక్కంతా అక్కడే ఉంది. పక్షవాతం వచ్చిన వాళ్లలో చాలామందికి మొదటి మూడు నెలల్లో ఎంతో కొంత కదలిక దానంతటదే తిరిగి వస్తుంది. ఆ రోజుల్లో ఏ మందు ఇచ్చినా పేరు ఆ మందుకే పోతుంది. అందుకే సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది వెళ్లిందో డాక్టరుకూ రోగికీ తెలియకుండా పోల్చి చూస్తారు.

సిటికోలిన్‌ను అలాగే పరీక్షించారు. ఇక్టస్ అనే ఆ పరీక్షలో స్పెయిన్, పోర్చుగల్, జర్మనీలకు చెందిన 2,298 మంది ఉన్నారు. స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన 24 గంటల్లోపు మొదలుపెట్టి ఆరు వారాలు ఇచ్చారు. 2012లో ఫలితం వచ్చింది: మందు తీసుకున్న వాళ్లకూ, ఉత్త మాత్ర తీసుకున్న వాళ్లకూ తేడా లేదు. ముందుకు తీసుకెళ్లినా లాభం కనిపించదని మధ్యలోనే ఆపేశారు. పిరాసిటమ్‌ది ఇంకా పాత కథ. 1997లో 927 మందిలో చూశారు, అదీ పనిచేయలేదని తేలింది. రెండూ విడివిడిగా నిలబడలేదు, కలిపి ఒకే మాత్ర చేసినంత మాత్రాన బలం వస్తుందా?

సెరెబ్రోలైసిన్ పంది మెదడు నుంచి తీసిన ప్రొటీన్ ముక్కల ద్రావణం. చిన్న పరీక్షల్లో చేయి కదలికకు కాస్త మేలు కనిపించింది. కానీ పరీక్షలన్నీ కలిపి చూసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్షలో చావులు తగ్గినట్టు తేలలేదు, తీవ్రమైన దుష్ప్రభావాలు కొంచెం పెరగొచ్చన్న అనుమానం మాత్రం మిగిలింది. నా చేతిలో ఉంటే రెండో కోర్సుకు డబ్బు పెట్టను.

పరకాల_మెడికల్‌షాపు:
కౌంటర్ వెనక నుంచి చూసింది చెప్తాను. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు జనం ముందు వదిలేసేది బీపీ మాత్ర, ఆస్పిరిన్. "ఇవి తక్కువ ధరవే కదా, అంత అవసరం లేదేమో" అంటారు. నరాల మాత్ర స్ట్రిప్‌ను మాత్రం అప్పు చేసైనా తీసుకెళ్తారు. నిజానికి రెండో స్ట్రోక్ రాకుండా అడ్డుకునేవి ఆ తక్కువ ధరవే. ఆస్పిరిన్, అటార్వాస్టాటిన్, బీపీ మాత్ర జన ఔషధి షాపులో ఇంకా తక్కువకు దొరుకుతాయి. నాకు బేరం పోతుంది, అయినా చెప్తున్నా.

ఇంకో మాట. ఏదీ సొంతంగా ఆపకండి. ఏది అవసరం, ఏది కాదు అని రాసిన డాక్టర్‌నే సూటిగా అడగండి. "సార్, డబ్బు ఇబ్బంది ఉంది, వీటిలో తప్పనిసరివి ఏవి?" అంటే చాలామంది రెండు మందులు చీటీలోంచి వాళ్లే తీసేస్తారు. నేను కళ్లారా చూశాను.

కాళేశ్వరం_కుర్రాడు:
మందులు పనిచేయవంటే మరి డాక్టర్లు ఎందుకు రాస్తున్నారు? ప్రభుత్వం అమ్మడానికి ఎందుకు ఒప్పుకుంటోంది? ఇంత చదువుకున్న వాళ్లకు తెలియదా?

డ్యూటీ_డాక్టర్_హనుమకొండ:
మంచి ప్రశ్నే తమ్ముడూ. సగం కారణం మీ వైపే ఉంది, ఏమనుకోకండి. ఇంటికి పంపేటప్పుడు "ఆస్పిరిన్ వేసుకోండి, ఎక్సర్‌సైజ్ చేయించండి" అంటే "ఇంతేనా సార్, నరాలకు ఏం రాయలేదే" అని పక్క ఆసుపత్రికి పోతారు. మిగతా సగం మా వైపు: మందు పెద్దగా హాని చేయదు, రాస్తే పోయేదేముంది అనే అలవాటు. కంపెనీ ప్రతినిధులు తలుపు దగ్గర నిలబడే సంగతి మీకూ తెలుసు.

మెదడు కణాలను కాపాడే మందు కోసం వెతుకులాట ఎలా నడిచిందో వింటే మీకే అర్థమవుతుంది. కాలువకు అడ్డం పడితే చివరి మడి ముందు ఎండుతుంది, చుట్టుపక్కల మళ్లు వాడిపోయినా కొంతసేపు ప్రాణంతో ఉంటాయి. గడ్డ అడ్డుపడినప్పుడు మెదడులోనూ అంతే. మధ్యలో కొంత చచ్చిపోతుంది, చుట్టూ కొంత మేర కొట్టుమిట్టాడుతుంది. ఆ చుట్టూ ఉన్న భాగాన్ని నిలబెట్టాలని ఎన్నో మందులు తయారుచేశారు. 2006లో లెక్క తీస్తే ప్రయోగాల్లో చూసిన చికిత్సలు 1,026, మనుషుల దాకా వచ్చినవి 114. కణాలను కాపాడతామన్న వాటిలో అప్పటికి పెద్ద పరీక్షలో గట్టిగా నిలబడింది ఒక్కటీ లేదు. ఆ ఏడాదే ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు మొదటి పెద్ద పరీక్షలో గెలిచినట్టు కనిపించింది, అందరూ సంబరపడ్డారు. 2007లో ఇంకా పెద్ద పరీక్ష పెడితే కుప్పకూలింది.

ఎలుక దగ్గర గెలిచిన మందు మనిషి దగ్గర ఎందుకు ఓడుతుంది? ప్రయోగంలో ఎలుక పడుచుది, దానికి బీపీ, షుగర్ ఉండవు. నాళాన్ని మూసిన కాసేపటికే మందు ఎక్కిస్తారు. మన దగ్గరికి వచ్చే మనిషికి అరవై ఏళ్లు, పాతికేళ్ల బీడీ, ఏటూరునాగారం అవతల నుంచి ఆటోలో ప్రయాణం.

నిలబడింది గడ్డను కరిగించే మందే. ఆల్టెప్లేజ్ మూడు గంటల్లోపు ఇస్తే మేలని 1995లో అమెరికా పరీక్ష తేల్చింది, 2008లో యూరప్ పరీక్ష దాన్ని నాలుగున్నర గంటలకు పొడిగించింది. దాన్ని గంటసేపు ఎక్కించాలి. దాని తమ్ముడు టెనెక్టెప్లేజ్ ఒక్క సూది పోటుతో అయిపోతుంది. పుణెలోని జెన్నోవా కంపెనీ తయారుచేసే టెనెక్టెప్లేజ్‌కు మన దేశంలో స్ట్రోక్ కోసం 2016లోనే అనుమతి వచ్చింది. అమెరికాలో 2025 మార్చి దాకా రాలేదు. అంబులెన్సులో ఇంకో ఊరికి పంపాల్సి వచ్చే మనలాంటి చోట ఈ ఒక్క పోటు సౌకర్యం చాలా పెద్దది. అయితే సీటీ తీసి లోపల రక్తస్రావం లేదని చూడనిదే దీన్ని ముట్టుకోం. రక్తస్రావం ఉన్నవాళ్లకు ఇస్తే ప్రాణం పోతుంది. ఆస్పిరిన్ సంగతీ అంతే. మూతి వంకర పోగానే ఇంట్లో ఆస్పిరిన్ మింగించి తీసుకొచ్చే వాళ్లు దయచేసి ఆ పని చేయకండి. 108కి ఫోన్ చేయండి, ఏ టైంకి మొదలైందో రాసి పెట్టుకోండి, సీటీ ఉన్న చోటికే నేరుగా పొండి.

ములుగు_టీచరమ్మ:
ఆ "నేరుగా" అన్న మాట పెద్ద అక్షరాల్లో రాయాలి డాక్టర్ గారూ. మా వైపు ముందు గాలి సోకిందంటారు, తర్వాత పసరు పోయిస్తారు. మా పెదనాన్నకు పావురాన్ని కోసి వేడి రక్తం ఒళ్లంతా రుద్దారు. దుప్పటి కప్పి పడుకోబెట్టారు. రుద్దిన మనిషి డబ్బుతో పాటు కోడిని కూడా పట్టుకెళ్లాడు. తెల్లారి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తెచ్చేసరికి ఇంజెక్షన్ టైం ఎప్పుడో అయిపోయింది. చేయి ఇప్పటికీ ఛాతీకి అంటుకుపోయే ఉంటుంది.

నర్సంపేట_మిర్చి:
టీచరమ్మా, మా ఊళ్లోనూ పావురం మాట వచ్చింది. మా అవ్వ గట్టిగా అడ్డుకుంది.

డాక్టర్ సార్, 2023లో కొత్త మందు ఒకటి మన దేశంలోనే వచ్చిందని పేపర్లో చదివాను. సోవటెల్టైడ్ అట. అది బాపుకు పనికొస్తుందా?

డ్యూటీ_డాక్టర్_హనుమకొండ:
దాన్ని స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపు మొదలుపెట్టాలి. నెల దాటిన వాళ్లకు కాదు. ఇక్కడి పరీక్షలో ఫలితం బాగానే కనిపించింది, కానీ అందులో ఉన్నది 158 మంది. ఎన్‌ఎక్స్‌వై-059 వేల మందిలో పరీక్షించాక కూలిందని పైన రాశాను కదా. పెద్ద పరీక్ష ఫలితం చూశాకే నేను నమ్ముతాను.

కేయూ_ఫార్మకాలజీ:
నెలలు దాటాక పనిచేసే మందు కోసం వేరే దారిలో వెతుకుతున్నారు. చచ్చిన భాగం చుట్టూ ఉన్న కణాలు కొత్త దారులు వేసుకునేలా చేయడం దాని ఉద్దేశం. 2010లో ఎలుకల మీద ఒక ఆసక్తికరమైన సంగతి తేలింది. స్ట్రోక్ తర్వాత ఆ చుట్టుపక్కల గాబా అనే రసాయనం అదుపు ఎక్కువై కణాలు మొద్దుబారిపోతాయి. ఆ అదుపును తగ్గిస్తే కాళ్ల కదలిక బాగుపడింది. కానీ స్ట్రోక్ వచ్చిన వెంటనే తగ్గిస్తే దెబ్బ ఇంకా పెద్దదైంది. మొదట్లో కాపాడే అదుపే తర్వాత అడ్డమవుతుందన్నమాట. అదే ఆలోచనతో చేసిన ఒక మందును మనుషుల్లో పరీక్షిస్తే 2020లో ఫలితం సున్నా.

హెచ్‌ఐవీకి వాడే మారవిరాక్ మీదా ఆశ ఉంది. కణాల మీద అది మూసే సీసీఆర్5 అనే గ్రాహకం (సంకేతాలు అందుకునే ద్వారం లాంటిది) జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్న వాళ్లు స్ట్రోక్ నుంచి బాగా కోలుకుంటున్నారని 2019లో గమనించారు. ఇంకా తేలాల్సి ఉంది, షాపులో అడిగి కొనుక్కునేది కాదు.

ఇందులో మీకు ఇప్పుడే పనికొచ్చే ముక్క ఒకటి ఉంది. చాలా నిద్రమాత్రలు గాబా అదుపును పెంచే రకం. కోలుకునే రోజుల్లో డయాజెపామ్ లాంటివి వీలైనంత వరకు వద్దనేది అందుకే. బాపుకు నిద్ర పట్టడం లేదని ఎవరైనా రాసి ఉంటే డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి.

ఫిజియో_అక్క_కాజీపేట:
ఫ్లూఆక్సెటిన్ మాట ఎవరూ ఎత్తలేదేంటి? అది డిప్రెషన్ మాత్ర. 2011లో ఫ్రాన్స్‌లో 118 మందికి ఫిజియోతో పాటు ఇస్తే చేయి, కాలు బాగా కదిలాయన్నారు. మా దగ్గరికి వచ్చే చీటీలన్నిటిలో అదే కనిపించేది. 2018లో బ్రిటన్ వాళ్లు 3,127 మందిలో చూశారు. కదలికలో తేడా లేదు, పైగా ఎముకలు విరగడం దాదాపు రెట్టింపు. ఉత్త మాత్ర వాళ్లలో నూటికి ఒకటిన్నర, మందు వాళ్లలో నూటికి మూడు. డిప్రెషన్ మాత్రం తగ్గింది. స్వీడన్, ఆస్ట్రేలియా పరీక్షలూ కదలిక విషయంలో అదే చెప్పాయి. కాబట్టి మనిషి దిగులుతో తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే ఆ మాత్ర అవసరమే, చేయి లేవడానికి మాత్రం కాదు.

మిర్చి తమ్ముడూ, బాపు వేళ్లు ఏమైనా కదులుతున్నాయా? బొటనవేలు కొంచెం అయినా కదిలితే రెండు గిన్నెలు పెట్టి, ఒకదాంట్లో చింతగింజలు పొయ్యి. ఒక్కో గింజ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టించి రెండో గిన్నెలో వేయించు. మొదట్లో జారిపోతాయి, బాపుకు కోపం వస్తుంది, గిన్నె తోసేస్తాడు. కాసేపు ఆగి మళ్లీ పెట్టు. మణికట్టు, వేళ్లు కొంత లేపగలిగిన వాళ్లకు మంచి చేతికి గ్లవ్ తొడిగి, పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి ఉంది. 2006లో అమెరికాలో 222 మందిలో పరీక్షిస్తే ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. మాటకు స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి, అది వేరే పని.

చేయి బిగుసుకుపోతుంటే మాత్రం మందుతో పని ఉంది. బాక్లోఫెన్ మాత్ర బిగుతు తగ్గిస్తుంది, కానీ మత్తు తెస్తుంది. ఒకటి రెండు కండరాలే బిగిస్తే బొటాక్స్ సూది మేలు. టీచరమ్మ గారి పెదనాన్నకు కూడా ఒకసారి చూపించండి, అరచేయి కడుక్కోవడం, చొక్కా తొడుక్కోవడమైనా సులువవుతుంది.

కాళేశ్వరం_కుర్రాడు:
మరి స్టెమ్ సెల్స్?

డ్యూటీ_డాక్టర్_హనుమకొండ:
మన దేశంలోనే, ఐదు కేంద్రాల్లో 120 మందికి సొంత ఎముక మజ్జ కణాలు తీసి ఎక్కించి చూశారు. 2014లో ఫలితం: ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు. డబ్బు తీసుకుని ఎవరైనా చేస్తామంటే అక్కడి నుంచి లేచి రావడమే. నిజమైన పరీక్షలో రోగి దగ్గర మందుకు డబ్బు అడగరు. బావ గారికి ఈ ఒక్క ముక్క చెప్పండి.

జనగామ_బండి:
ఎవరెన్ని చెప్పినా మా అత్తమ్మ లేచింది. నేనైతే ఇంజెక్షన్ వల్లే అంటాను.

ఫిజియో_అక్క_కాజీపేట:
అన్నా, అత్తమ్మకు రోజూ ఎక్సర్‌సైజ్ ఎవరు చేయించారు?

జనగామ_బండి:
మా ఆవిడ. పొద్దున, సాయంత్రం, నాగా లేకుండా.

నర్సంపేట_మిర్చి:
అందరికీ థాంక్స్. రెండో కోర్సు గురించి డాక్టర్‌నే అడుగుతా, తప్పనిసరి కాదంటే ఆ డబ్బుతో ఇంటికి ఫిజియోను పిలిపిస్తా. ఒక డౌట్: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఎన్నాళ్లు? చీటీలో ఏమీ రాయలేదు.

పరకాల_మెడికల్‌షాపు:
ఇది తప్పకుండా అడగాల్సిందే. చిన్న స్ట్రోక్ అయితే రెండూ కలిపి మామూలుగా మూడు వారాలు ఇచ్చి, తర్వాత ఒకటే కొనసాగిస్తారు. మెదడు నాళం బాగా సన్నబడి ఉంటే ఇంకొన్నాళ్లు పొడిగిస్తారు. రెండూ ఏళ్ల తరబడి వాడితే రక్తస్రావం భయం. పాత చీటీతోనే మందులు కొంటూ రెండూ అలాగే మింగుతున్న వాళ్లు నా షాపుకు వస్తూనే ఉంటారు.

డ్యూటీ_డాక్టర్_హనుమకొండ:
అవును. ఓపీకి వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, సీటీ ఫిల్మ్, ఇంట్లో చూసిన బీపీ అంకెలు తీసుకెళ్లండి. గుండెకు ఈసీజీ, ఎకో తీశారో లేదో అడగండి. గుండె లయ తప్పడం వల్ల గడ్డ వచ్చి ఉంటే ఆస్పిరిన్ సరిపోదు, మందే మారిపోతుంది.