డెస్డిమోనా ‘నేనే’ అని ఎందుకంటుంది?

ప్రశ్న:
హనుమకొండలో ఎంఏ ఇంగ్లిష్ చదువుతున్నాను, సోమవారం షేక్స్‌పియర్ నాటకం ‘ఒథెల్లో’ మీద సెమినార్, టెన్షన్‌గా ఉంది. తండ్రికి చెప్పకుండా పెళ్లి చేసుకుని, వెనిస్ పెద్దల ముందు నిలబడి మొగుడు ఒథెల్లో వెంట సైప్రస్ పోతానని అడిగిన పిల్ల డెస్డిమోనా, అదే మొగుడు చంపుతుంటే, ఎవరు చేశారంటే ‘ఎవరూ కాదు, నేనే’ అని కన్నుమూస్తుంది. ఇది ప్రేమేనా? నాకు మింగుడుపడట్లేదు.

జవాబు 1:
నాలుగో అంకం మూడో సీను మళ్లీ చదువమ్మా. పెళ్లినాటి దుప్పట్లు మంచం మీద పరిపించి, నేను ముందు చనిపోతే వీటిలో ఒకటి కప్పు అని తన పరిచారిక ఎమీలియాకు చెబుతుంది. ఆమెకు భయం మొదలైంది. ఒంటి మీద దెబ్బలుంటే మెట్ల మీద జారిపడ్డానని చెప్పే ఆడవాళ్లను మా వాడలోనే చూశాను, ఆ ‘నేనే’ నాకు అట్లనే వినిపిస్తుంది.

జవాబు 2:
నన్నడిగితే ఎమీలియాతో మొదలుపెట్టు. స్ట్రాబెర్రీలు కుట్టిన డెస్డిమోనా చేతిరుమాలు దొరికితే తన మొగుడు ఇయాగో మెప్పు కోసం అతనికి ఇచ్చింది ఆమెనే, దానితోనే అతను ఒథెల్లోకు పెళ్లాం మీద అనుమానం పెంచి కొంప ముంచాడు. కానీ చివర్లో అతను ఇంటికి పొమ్మంటే పోదు, అందరి ముందు నిజం చెప్పి అతని కత్తికే బలైపోతుంది. అక్కడ నాకు ప్రతిసారీ ఏడుపొస్తుంది.

జవాబు 3:
ఇంకోటి, అప్పట్లో లండన్‌లో ఈ ఆడ పాత్రలన్నీ మగపిల్లలే వేసేవాళ్లు, మన దగ్గర స్త్రీ వేషాల లెక్క.

అడిగినవారు:
థ్యాంక్స్ అక్కా, అన్నా. రుమాలు సీనుతోనే మొదలుపెడతాను.