ఒక వేసవి సర్వేను నమ్మి బేరింగ్ సముద్రంలో పీతల వేట ఆపేయడం సరైనదేనా?

గోదారిగట్టు:
అలాస్కా పక్కన బేరింగ్ సముద్రంలో స్నో క్రాబ్ అనే పీతల వేటను 2022 అక్టోబరులో పూర్తిగా ఆపేశారు. ఆ వేట మొదలయ్యాక అలా ఆపడం అదే మొదటిసారి. రెండు సీజన్లు మూసి ఉంచి, 2024 అక్టోబరులో సుమారు 47 లక్షల పౌండ్ల కోటాతో మళ్లీ తెరిచారు. 2020-21 సీజన్‌లో ఆ కోటా 4.5 కోట్ల పౌండ్లు! వీటన్నిటికీ ముఖ్య ఆధారం అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఏటా వేసవిలో వల లాగి చేసే సర్వే. ఆ సముద్రంలోని సెయింట్ పాల్ దీవిలో ఊరి ఆదాయంలో పెద్ద భాగం పీతల ఫ్యాక్టరీ మీదే ఆధారపడింది. ఇంతమంది బతుకుతెరువును ఒక వేసవి లెక్కకు వదిలేయడం న్యాయమేనా? మీ అభిప్రాయాలు చెప్పండి.

సియాటిల్‌శ్రీను:
న్యాయం కాదనే నా అభిప్రాయం. ఆ బోట్లలో చాలావాటికి మా ఊరే సొంత రేవు, అందుకే ఈ గొడవ ఇక్కడ అందరికీ తెలుసు.

సర్వే ఎలా చేస్తారో చూడండి. సముద్రాన్ని 20 నాటికల్ మైళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒకచోట 30 నిమిషాలు వల లాగుతారు. వల వెడల్పు, బోటు వేగం లెక్కేస్తే ఒకసారి లాగినప్పుడు తుడిచేది దాదాపు 12 ఎకరాలు. గడి వైశాల్యం మూడు లక్షల ఎకరాల పైమాటే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, నిజమే. కానీ పీతలు మెతుకుల్లా సమానంగా పరుచుకుని ఉండవు, గుంపులుగా ఉంటాయి. వల ఒక గుంపు పక్కనుంచి పోతే అక్కడ పీతలే లేవని రాసుకుంటారు.

ఇంకో మాట. 2018లో ఇదే సర్వే పీతలు ఎన్నడూ లేనంతగా ఉన్నాయని చెప్పింది. మూడేళ్లకే ఏమీ లేవంది. దేన్ని నమ్మాలి?

లెక్కలటీచర్:
శ్రీను గారూ, రెండూ నమ్మాలి. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ఒక్క వల లెక్కతో ఎవరూ తీర్పు చెప్పట్లేదు. తూర్పు బేరింగ్ సముద్రంలో మూడువందలకు పైగా చోట్ల, 1982 నుంచి అదే రకం వలతో, దాదాపు అవే స్థానాల్లో లాగుతున్నారు. ఒక గుంపు తప్పిపోవచ్చు. ఒకే వేసవిలో వందల చోట్ల గుంపులన్నీ వల పక్కకు జరిగిపోవు కదా. వల కిందనుంచి కొన్ని పీతలు జారిపోతాయన్నది కూడా నిజమే, అది శాస్త్రవేత్తలకూ తెలుసు. పీతల వేటగాళ్ల పరిశ్రమ డబ్బుతో నడిచే పరిశోధన సంస్థ వాళ్లు వేరే వలతో పక్కపక్కనే లాగి, ఎన్ని తప్పిపోతున్నాయో కొలిచారు. ఆ కొలత లెక్కల్లోకి తీసుకున్నారు. ఏటా అదే వల కాబట్టి, తప్పిపోయే వంతు కూడా సుమారు అంతే ఉంటుంది. 2018 నుంచి 2021కి పీతల సంఖ్య దాదాపు 90 శాతం పడిపోవడాన్ని వల మీదకు తోసేయలేం.

ఇక 2018. ఆ శీతాకాలం బేరింగ్ సముద్రంలో మంచు అతి తక్కువగా కట్టింది. మామూలుగా మంచు కరిగాక అడుగున 2 డిగ్రీల కన్నా చల్లని నీరు వేసవంతా నిలుస్తుంది. పిల్ల పీతలకు అదే ఆశ్రయం, ఎందుకంటే వాటిని తినే కాడ్ చేపలు ఆ చలిలోకి అంతగా రావు. 2018లో ఆ చల్లని నీరు దాదాపు లేకుండా పోయింది. నీరు 0 నుంచి 3 డిగ్రీలకు వెచ్చబడితే స్నో క్రాబ్‌కు కావలసిన తిండి దాదాపు రెట్టింపు అవుతుంది. పీతలేమో రికార్డు స్థాయిలో ఉన్నాయి, తిండి అంతే ఉంది. ఆకలే ప్రధాన కారణం కావచ్చని నోవా శాస్త్రవేత్తలు 2023లో సైన్స్ పత్రికలో రాశారు. వాళ్ల అంచనా ప్రకారం 2018, 2021 మధ్య పోయినవి 1000 కోట్లకు పైగా పీతలు. అంటే 2018 నాటి పెద్ద సంఖ్య, 2021 నాటి చిన్న సంఖ్య ఒకే కథలోని రెండు భాగాలు.

నాకు బాధ కలిగించేది వేరే విషయం. 2020లో కోవిడ్ వల్ల సర్వే జరగలేదు. 4.5 కోట్ల పౌండ్ల కోటా ఇచ్చింది ఆ ఏడాదే! 2019 లెక్కల మీద ఆధారపడక తప్పలేదు. సర్వే ఉన్నందుకు కాదు, లేనందుకే ఎక్కువ నష్టం జరిగి ఉంటుందని నా నమ్మకం.

ఉప్పుగాలి:
పీతలు ఉత్తరానికో, రష్యా వైపో వెళ్లి ఉండొచ్చు కదండీ? సరిహద్దు దాటి అమెరికా వాళ్లు వల వేయలేరు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 1980ల్లో శాస్త్రవేత్తలు చేప బాగానే ఉందన్నారు, ఒడ్డు దగ్గర వేటాడే వాళ్లు తగ్గిపోతోందని మొత్తుకున్నారు. చివరికి 1992లో వేట మూసేశారు, దాదాపు 30 వేలమంది పని పోయింది. జాలర్ల మాట వినాల్సింది.

లెక్కలటీచర్:
వినాల్సిందే, ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ అక్కడ పొరపాటు ఎలా జరిగిందో చూడండి. ట్రాలర్లకు, అంటే వల లాగుతూ వేటాడే పెద్ద బోట్లకు, చేప బాగా పడుతోందన్న లెక్కకు ఎక్కువ విలువ ఇచ్చారు. మిగిలిన చేపంతా కొన్నిచోట్ల గుమిగూడితే, వెతికి పట్టే బోటుకు చివరిదాకా బాగానే పడుతుంది. చేప ఉన్నచోటుకే పోకుండా, ముందే నిర్ణయించిన చోట్ల వల వేసే సర్వే కావాలనేది అందుకే.

పీతలు వలస పోయాయా అన్నది మంచి ప్రశ్న. 2021లోనే ఉత్తర బేరింగ్ సముద్రంలో కూడా సర్వే చేశారు. తప్పిపోయిన సంఖ్యకు సరిపడా పీతలు అక్కడ కనబడలేదు. 2022 సర్వేలోనూ అవి తిరిగి రాలేదు.

సియాటిల్‌శ్రీను:
స్నో క్రాబ్ వరకు మీ వాదన బలంగానే ఉంది టీచర్ గారూ. 2022లో మూయకుండా ఉండాల్సిందని ఇక గట్టిగా అనను. కానీ నా అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది. వేట జరిగేది ప్రధానంగా అక్టోబరు తర్వాత చలి నెలల్లో, సర్వే జరిగేది వేసవిలో. అదే సముద్రంలోని బ్రిస్టల్ బే అనే అఖాతంలో రెడ్ కింగ్ క్రాబ్ అనే మరో రకం పీతల వేటనూ 2021లో మూశారు, రెండు సీజన్ల తర్వాత 2023లో తెరిచారు. చలికాలంలో ఆ పీతలు ఎక్కడుంటాయో సరిగ్గా తెలియకుండానే, ట్రాల్ బోట్లకు ఏ ప్రాంతం మూయాలో గీతలు గీశారు. పీతలవాళ్లకు వేట లేదు, అవే నీళ్లలో వేరే చేపల కోసం వల లాగేవాళ్లకు మాత్రం అనుమతి ఉంది. మా దగ్గర అసలు కోపం అక్కడ ఉంది.

గోదారిగట్టు:
2023, 2024లో చలికాలం చివర ఇనుప బోనులు దింపి వెతికారని చదివాను. అది ఇందుకేనా?

సియాటిల్‌శ్రీను:
ఇందుకే. వేటగాళ్ల సంస్థ, ప్రభుత్వ శాస్త్రవేత్తలు కలిసి చేశారు. వేసవి సర్వేకు ఇచ్చినట్టే దానికీ ఏటా నిధులు ఇవ్వాలి. అలా ఇస్తే సర్వే మీద నాకు ఈ ఫిర్యాదు ఉండదు.

లెక్కలటీచర్:
అందులో నేను మీ పక్షమే. అయితే శీతాకాలపు సర్వే కోసం వేసవి సర్వేలో స్థానాలు తగ్గించకూడదు. 1982 నుంచి వస్తున్న వరుస తెగితే మళ్లీ అతికించలేం.