క్రాఫ్ట్ బీరు పబ్బుకు మొదటిసారి వెళ్తున్నాం: ఏ వరుసలో తాగాలి, ఏం తినాలి?

తొలిగుటక:
మేము నలుగురు స్నేహితులం వచ్చే శనివారం సాయంత్రం మొదటిసారిగా ఒక క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదారులు రకరకాలుగా చేసే బీరు) పబ్బుకు వెళ్లబోతున్నాం. ఇంతకాలం సీసాల్లో వచ్చే లాగర్ అనే మామూలు బీరు తప్ప మరొకటి ఎరగము. అక్కడ ఇరవై దాకా ట్యాపులు ఉన్నాయని, పేర్ల పక్కన ఏబీవీ (ఆల్కహాలు శాతం), ఐబీయూ (చేదు పదార్థాల కొలత) అంకెలు రాసి ఉంటాయని విన్నాను. మాలో ఇద్దరికి చేదు బొత్తిగా పడదు, ఒకరికి కారం లేని తిండి తిన్నట్టే ఉండదు, నాలుగో అతను ఆ రాత్రి కారు నడపాలి. ఏ వరుసలో తాగాలి, రుచి చూడటానికి కొద్దిగా పోయమని అడిగితే ఏమైనా అనుకుంటారా, తినేవి ముందే చెప్పుకోవాలా, నాలుగో అతను ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మూలబల్ల:
రుచి చూడటానికి అడగడంలో తప్పేమీ లేదు. రెండు గుటకలకు సరిపడా పోసి ఇవ్వడం ఇలాంటి చోట్ల మామూలే. అయితే మీ వెనుక మనుషులు నిలబడి ఉన్నప్పుడు ట్యాపులన్నీ ఒక్కొక్కటిగా అడగకుండా, చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు కలిపి ఇచ్చే ఫ్లైట్ తీసుకోండి. వరుస విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు, పేరు ఘనంగా ఉందని, పదకొండు శాతం ఆల్కహాలు ఉన్న ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్లని బీరుతో మొదలుపెట్టాను. కాల్చిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలు) రుచి నాలుకను పట్టేయడంతో, ఆ తర్వాత తెప్పించుకున్న పిల్స్నర్ అనే లేత రంగు లాగర్ నీళ్లలా అనిపించింది. అదే పిల్స్నర్‌ను మరొక రోజు విడిగా తాగినప్పుడు గాని దానిని ఎంత శ్రద్ధగా తయారు చేశారో నాకు తెలియలేదు. తేలికైనవి ముందు, చేదువి ఆ తర్వాత, ఘాటైనవి చివర తాగండి.

నిండుగ్లాసు:
వరుస సంగతి తర్వాత, ముందు గ్లాసులో బీరు ఎంత ఉందో చూసుకోండి. క్రితం నెల నేను వెళ్లిన చోట గ్లాసులో నాలుగో వంతు నురగే ఉంది. కొలత బీరుకా, నురగకా అని అడిగితే, బీరు ఇలాగే పోస్తామని ఒక్క మాట చెప్పి అతను పక్క ట్యాపు దగ్గరకు వెళ్లిపోయాడు. నేను గాలికి డబ్బు చెల్లించలేదు. మీరు మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి మొహమాటపడతారు, అందుకే ముందుగా హెచ్చరిస్తున్నాను.

ఈస్టుమేస్త్రీ:
తొమ్మిదేళ్లుగా బీరు తయారు చేస్తున్నాను, అంతకుముందు మూడేళ్లు ట్యాపుల వెనుక నిలబడి పోశాను, కాబట్టి తెలిసే చెబుతున్నాను. నురగ లోపం కాదు, అది బీరులో భాగం. మాల్ట్ నుంచి వచ్చే ప్రొటీన్లు, హాప్స్ అనే పువ్వుల నుంచి వచ్చే చేదు పదార్థాలు కలిసి బుడగల గోడలను గట్టిపరుస్తాయి. ఆ బుడగలు పగిలినప్పుడల్లా సువాసన ముక్కుకు అందుతుంది. చెక్ దేశంలో దాదాపు గ్లాసంతా తడి నురగతోనే నింపి, మ్లీకో అనే పేరుతో అడిగి మరీ తాగుతారు. మ్లీకో అంటే వాళ్ల భాషలో పాలు. నురగను మోసం అనేవారు బీరును చల్లని సోడాగా మాత్రమే చూస్తున్నారని అనుకోవలసి వస్తుంది.

నిండుగ్లాసు:
మేస్త్రీ గారూ, మీ తొమ్మిదేళ్ల అనుభవానికి నమస్కారం, కాని నన్ను సోడా తాగేవాడిగా జమకట్టే హక్కు మీకు లేదు. నురగ వద్దని నేను ఎక్కడా రాయలేదు. కొలతలో దానిని కలపవద్దని రాశాను. బ్రిటన్‌లో పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. అక్కడ సైతం అంచుదాకా నింపితేనే పైంట్ పట్టే గ్లాసులో నురగ ఎంత ఉండవచ్చన్న వివాదం ఏళ్ల తరబడి నడిచింది, 1971లో పుట్టిన కామ్రా అనే తాగేవారి సంఘం నిండు పైంట్ కోసం ఉద్యమమే చేసింది. వాళ్లందరూ బీరు తెలియనివాళ్లేనా? జర్మనీలో గ్లాసు మీదే గీత గీసి ఉంటుంది. బీరు గీత దాకా, నురగ గీత పైన. అలాంటి గ్లాసు పెట్టిన చోట నేను ఏనాడూ నోరు మెదపలేదు.

ఈస్టుమేస్త్రీ:
గీత ఉన్న గ్లాసు మంచిదే, ఆ మాట ఒప్పుకుంటాను. కాని మీరు మొదట రాసింది గీత గురించి కాదు, గాలి గురించి. నైట్రోజన్ కలిపి పోసే స్టౌట్‌ను మీ ముందు పెడితే ఏమంటారు? ఐర్లండ్ స్టౌట్ సంస్థ గిన్నిస్ 1959లో ఆ పద్ధతిని తెచ్చింది. నైట్రోజన్ బీరులో సులువుగా కరగదు కాబట్టి సన్నని బుడగలు వచ్చి, మీగడ లాంటి నురగ కట్టి, తాగుతున్నంతసేపూ నిలుస్తుంది. ఆ పొరను తీసేసి బీరు పోయమని అడిగినవారిని నా కళ్లతో చూశాను.

కరకరలు:
నురగ గురించి ఇంత మాట్లాడుతున్నారు, దానిని చంపేది మన పళ్లెమే అన్న సంగతి ఎవరూ చెప్పడం లేదు. వేయించిన బంగాళాదుంప ముక్కలు తిని, నూనె పెదవులతో గ్లాసు అందుకుంటే రెండు నిమిషాల్లో నురగ మాయమవుతుంది, ఎందుకంటే కొవ్వు తగిలితే ఆ బుడగలు నిలవవు. ముందు పెదవులు తుడుచుకోండి. తొలిగుటక గారూ, తినేవి ముందే చెప్పండి. చాలా చోట్ల వంటగది ట్యాపుల కన్నా ముందే మూసేస్తారు. ఒకసారి మేము రెండో గ్లాసు అయ్యేదాకా తాత్సారం చేసి, చివరికి వేరుశనగలతో సరిపెట్టుకున్నాం. ఖాళీ కడుపుతో ఏడు శాతం బీరు తాగిన ఆ రాత్రి నాకు ఇంకా గుర్తుంది.

ఇక కారం ఇష్టపడే మీ స్నేహితుడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హాప్స్ చేదు, గ్యాసు పొంగు, ఆల్కహాలు, ఈ మూడూ మిరప మంటను పెంచేవే, అందువల్ల హాప్స్ ఎక్కువగా వేసే ఐపీఏ అనే బాగా చేదైన బీరుతో కారపు కోడి రెక్కలు తింటే రెండింటి రుచీ పోయి మంట ఒక్కటే మిగులుతుంది. మాల్ట్ తీపి ఎక్కువగా ఉన్న ఎర్రని లేదా గోధుమరంగు బీరు తీసుకుంటే మంట తగ్గుముఖం పడుతుంది. ఐపీఏ పక్కన కొవ్వు ఉన్న తిండి, అంటే ఛీజ్ వేసిన బర్గర్ లాంటిది, చక్కగా నప్పుతుంది, ఎందుకంటే ఆ చేదు నోటిలోని జిడ్డును కోసేస్తుంది.

మంటకావాలి:
నేను ఒప్పుకోను. నాకు కారంతో ఐపీఏనే కావాలి, మంట పెరగడం కోసమే దానిని అడుగుతాను. ఎవరి నాలుక వారిది.

వెన్నవాసన:
మీరందరూ పైన ఉన్న నురగ దగ్గరే ఆగిపోయారు, నా బాధ లోపల ఉన్న బీరు గురించి. నేను తెప్పించుకున్న లేత రంగు ఏల్‌లో (లాగర్ కన్నా వెచ్చగా పులియబెట్టే బీరు రకం) వెన్న వాసన వచ్చింది, పాప్‌కార్న్ మీద వేసే వెన్నలాగ. అడిగితే ఈ రకం ఇలాగే ఉంటుందన్నారు. వారం తర్వాత అదే బీరు మరొక చోట తాగాను, వెన్న జాడే లేదు. ట్యాపు గొట్టాలు కడగకపోతే అందులో చేరిన బాక్టీరియా డైఅసిటైల్ అనే పదార్థాన్ని తయారు చేస్తుందని, దాని వాసనే వెన్నలా ఉంటుందని ఆ తర్వాత తెలుసుకున్నాను. రెండు వారాలకొకసారి గొట్టాలు కడగాలని తెలిసిన వారెవరైనా చెబుతారు. అడిగిన మనిషిని తెలివితక్కువవాడిగా చూసి పంపేయడం నన్ను ఎక్కువగా నొప్పించింది.

ఈస్టుమేస్త్రీ:
డైఅసిటైల్ అంతా గొట్టాల నుంచే రాదు. పులిసేటప్పుడు ఈస్ట్ వల్లనే అది పుడుతుంది, తగినంత సమయం ఇస్తే ఈస్టే దానిని తిరిగి పీల్చుకుంటుంది. తొందరపడి చల్లబరిస్తే మిగిలిపోతుంది. కొన్ని బ్రిటిష్ ఏల్స్‌లో, చెక్ లాగర్లలో కొద్దిగా ఉండటం తప్పుగా లెక్కించరు. అందరూ గొట్టాలను నిందిస్తే ట్యాపుల వెనుక ఉన్నవారి పరిస్థితి ఏమిటి?

వెన్నవాసన:
అదే బీరు మరొక చోట శుభ్రంగా ఉందని రాశాను, మీరు ఆ వాక్యం చదవలేదు. ట్యాపుల వెనుక ఉన్నవారి పక్షాన మీరు నిలబడండి, తాగేవారి పక్షాన నేను నిలబడతాను.

మూలబల్ల:
ఇద్దరూ కాస్త శాంతించండి. అడిగినవారికి పనికొచ్చే ఒక గుర్తు చెబుతాను. గ్లాసు లోపలి గోడలకు బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే అది సరిగ్గా కడగని గ్లాసు. శుభ్రమైన గ్లాసులో గుటక గుటకకూ నురగ వలయాలుగా గోడకు పట్టుకుంటుంది. ఏదైనా తేడాగా అనిపిస్తే సగం తాగిన తర్వాత కాకుండా మొదటి గుటకలోనే చెప్పండి.

మరొకటి, చేదు పడనివారు ఐబీయూ అంకెను మాత్రమే చూసి భయపడనక్కరలేదు. అది చేదు పదార్థాల కొలతే గాని, నాలుకకు తెలిసే చేదు కొలత కాదు. మాల్ట్ తీపి బలంగా ఉన్న బీరులో నలభై కూడా మెత్తగా అనిపిస్తుంది. జర్మన్ పద్ధతి గోధుమ బీరుతో మొదలుపెట్టమనండి. అందులో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి, అవి పండు వేసినందువల్ల కాకుండా ఈస్ట్ వల్ల వచ్చేవి.

కారుతాళం:
ఇన్ని జవాబులు చదివాను, నాలుగో మనిషి గురించి ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు. నేను ప్రతిసారీ ఆ నాలుగో మనిషినే, అందుకే ఇది చూసి నాకు కోపం వస్తోంది. రుచి మాత్రమే చూడు, ఏమీ కాదు అని స్నేహితులు ఫ్లైట్ ముందుకు జరుపుతారు. లెక్క వేసి చూడండి: ఐదు శాతం బీరు ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాలో 16.5 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. సగటున ఆరు శాతం ఉన్న వంద మిల్లీలీటర్ల చిన్న గ్లాసులు నాలుగు తాగితే అది 24 మిల్లీలీటర్లు. రుచి చూడటం అన్నది సీసా కన్నా ఎక్కువైంది. కారు నడిపే మనిషికి ఒక్క గుటక కూడా ఇవ్వకండి, ఆల్కహాలు లేని బీరు ఉందేమో ముందే కనుక్కోండి, ఉంటే దానిని కూడా మంచి గ్లాసులో పోసి ఇమ్మనండి. నా ముందు నీళ్ల సీసా పెట్టి, మిగతా ముగ్గురూ రుచుల గురించి మాట్లాడుకున్న సాయంత్రాలు నాకు చాలా ఉన్నాయి.

మూలబల్ల:
కారుతాళం గారూ, మీరు చెప్పింది నిజం. నేనూ ఆ ప్రశ్నను దాటవేశాను, క్షమించండి.

తొలిగుటక:
వెళ్లి వచ్చాం. తినేవి ముందే చెప్పాం. చేదు పడని ఇద్దరూ గోధుమ బీరు దగ్గర ఆగి మరొకటి అడగలేదు, కారం ఇష్టపడే స్నేహితుడు అందరి మాటా పక్కన పెట్టి ఐపీఏతో రెక్కలు తిని ఎంతో ఆనందించాడు. నాలుగో అతని కోసం ఆల్కహాలు లేని లాగర్ దొరికింది, కాడ ఉన్న గ్లాసులో పోసి ఇచ్చారు. కారుతాళం గారి లెక్క అతనికి చదివి వినిపించాను.

నిండుగ్లాసు:
సంతోషం. మీకు ఇచ్చిన గ్లాసుల మీద గీత ఉందా?

తొలిగుటక:
ఉందండి, 400 దగ్గర ఉంది. నురగ గీత పైనే నిలిచింది.