శాలిహుండం కొండ మీద వనభోజనాలు ఆపాలా?

వంశధార ఒడ్డు: కార్తీకమాసం వస్తోంది. మా వీధివాళ్లు మళ్లీ శాలిహుండం పిక్నిక్ అంటున్నారు. కిందటేడు అక్కడి పాత బౌద్ధ స్తూపం పక్కనే పులిహోర గిన్నెలు దించాం. పిల్లల్ని ఆ పాత ఇటుకల మీదకెక్కించి ఫొటోలు తీశారు. నేనూ అక్కడే ఉన్నాను, నోరెత్తలేదు. ఈసారి మాత్రం కొండ మీద తిండి వద్దంటాను. మీరేమంటారు?

గార కుర్రోడు: ఏమైంది అన్నా ఇప్పుడు? మాకది చిన్నప్పటి నుంచీ మా కొండే. జనం ఎక్కేదే ఆ నెలలో. అదీ ఆపితే పైన మేకలే మిగుల్తాయి. పూజ లేని చోటికి మడి ఎందుకట?

టీచరమ్మ, విజయనగరం: పూజ లేకపోతే ఖాళీ స్థలమైపోతుందా బాబూ? 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించిన చోటది. తర్వాత తవ్వకాల్లో రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటిలో చిన్న చిన్న స్ఫటిక స్తూపాలు, బంగారు రేకుల పూలు. ధాతువుల్ని, అంటే మహనీయుల అస్థికల్ని, అంత ప్రేమగా దాచుకున్న చోటు. సమాధి పక్కన విస్తరి వేసుకుంటామా?

గార కుర్రోడు: వేస్తాం మేడమ్! పెద్దలకు పెట్టుకునేటప్పుడు మా వాళ్లు అక్కడే వండుతారు. చనిపోయినవాళ్ల దగ్గర అన్నం తినడం అమర్యాదని మీకెవరు చెప్పారు?

టీచరమ్మ, విజయనగరం: ఈ మాట నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ మీ పెద్దల సమాధి ఎక్కి సెల్ఫీ తీసుకోరు కదా.

కళింగపట్నం మాస్టారు: మర్యాద సంగతి అలా ఉంచండి. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. 1959 నాటి నిబంధనల ప్రకారం అలాంటి చోట, అందుకని విడిగా స్థలం కేటాయిస్తే తప్ప, వండకూడదు, తినకూడదు. గార బాబు మాటలోనూ పస ఉంది. విజయనగరం దగ్గరి రామతీర్థం వెళ్లినవాళ్లలో రాముణ్ణి చూసి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడే గురుభక్తుల కొండ మీదా బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి, ఎక్కేవాళ్లేరీ?

వంశధార ఒడ్డు: మాస్టారూ, కిందటేడు మా అమ్మ ఒక పని చేసింది. అది ఏ గుడో ఆవిడకు తెలీదు. చెప్పులు విడిచి స్తూపం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, ఆ తర్వాతే విస్తరి ముందు కూర్చుంది.

గార కుర్రోడు: అదీ! అమ్మగారు మా పార్టీ. సరే అన్నా, గిన్నెలు కొండ కిందే దించుతాం. ఇటుకల మీదకెక్కే పిల్లల్ని దించడం మాత్రం మీ వంతు.