వలస కూలీల పిల్లలకు లెర్నింగ్ స్టైల్ చూసి చెబితే మార్కులు పెరుగుతాయా?

ప్రశ్న: మియాపూర్ వైపు సర్కారు బడి, నాలుగో తరగతి. కట్టడాల పనికొచ్చిన ఒడిశా, బిహార్ కూలీల పిల్లలు 9 మంది. బోర్డు మీద లెక్కలు చేస్తారు, పరీక్షలో మాత్రం పేపర్ ఖాళీ. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని విడగొట్టి చెప్పమంటున్నారు. పనిచేస్తుందా?

జవాబు 1: విడగొట్టకండి మేడం. అమెరికా మనస్తత్వవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని జల్లెడ పట్టి, స్టైల్‌కి తగ్గట్టు చెబితే ఫలితం మెరుగవుతుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చింది. ఇక్కడ అడ్డం భాషే. ‘24 లడ్డూలు నలుగురికి పంచితే తలా ఎన్ని?’ అంటే, భాగహారం వచ్చిన పిల్లాడు కూడా ‘తలా’ దగ్గర ఆగిపోతాడు. తల అనుకుంటాడు పాపం!

10 లెక్కలు తెలుగులో రాయించండి. రెండ్రోజులాగి అలాంటివే వాళ్ల భాషలో నోటితో అడగండి. అంకెలు మార్చాలి, లేకపోతే పాత జవాబే అప్పజెబుతారు. తెలుగులో 3 ఒప్పులు కాస్తా వాళ్ల భాషలో 8 అయితే లెక్క వచ్చినట్టే, అర్థం కానిది ప్రశ్న.

జవాబు 2: ఒడియా పిల్లలందరికీ హిందీ రాదండి, అక్కడ పొరబడతారు. పై తరగతి ఒడియా పిల్లల చేత అడిగించండి. తలా, మిగులు, మొత్తం, తేడా... రోజుకు 3 మాటలు చాలు, చింతగింజలు పంచి చూపిస్తూ.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికి టీసీ లేదు సార్.

జవాబు 1: ఆపకండి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, అది 4వ సెక్షన్.