'హౌండ్ డాగ్' పాటలోకి కుందేలు ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న:
ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడిన 'హౌండ్ డాగ్' పాటను చాలా ఏళ్లుగా వింటున్నాను. ఎప్పుడూ ఏడుస్తుంటావు, ఒక్క కుందేలునైనా పట్టలేదు, నువ్వు నాకు స్నేహితుడివే కావు అని వేటకుక్కను తిట్టడం తప్ప అందులో వేరే సాహిత్యం కనిపించదు. గాయకుడి గొంతులోని ఆవేశానికీ ఈ మాటలకూ పొంతన కుదరడం లేదు. ఇంత కోపం నిజంగా కుక్క మీదనేనా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
కుక్క మీద కాదండీ, మగవాడి మీద. ఈ పాటను మొదట పాడినవారు బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని. జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు ఆమె పాట విని, ఆ ఆకారానికీ ఆ గర్జనకూ తగినట్లుగా నిమిషాల్లో దీన్ని కట్టారు. 1952 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేయగా, 1953లో నల్లజాతి సంగీతశైలి అయిన రిథమ్ అండ్ బ్లూస్ పాటల జనాదరణ పట్టికలో (చార్టులో) ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆడదాని సంపాదన మీద పడి తింటూ, పైకి పెద్దమనిషిలా నటించే జల్సారాయుణ్ణి ఆమె అందులో గుమ్మం దగ్గరే నిలబెట్టి కడిగేస్తుంది. ఎంత తోక ఊపినా ఇకపై నీకు కూడు పెట్టేది లేదంటుంది. ఆ 'కూడు' తిండి ఒక్కటే కాదని అప్పటి శ్రోతలకు విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది. కుందేలు మాత్రం ఆ పాటలో లేదు.

రెండవ సమాధానం:
కుందేలును తెచ్చినవాడు ఫ్రెడ్డీ బెల్. తన బెల్‌బాయ్స్ బృందంతో 1955లో రికార్డు చేసినప్పుడు, అందరూ వినదగినట్లుగా ఉండాలని ద్వంద్వార్థాలు తీసేసి మాటలు మార్చాడు. 1956 వసంతంలో లాస్ వేగాస్ వెళ్లిన ఎల్విస్ వాళ్ల ప్రదర్శన చూసి, ఆ రూపాన్నే తీసుకున్నాడు. థార్న్‌టన్ రికార్డు కూడా అతనికి తెలియనిది కాదు. కుందేలు మాటకు అర్థమే లేదని లీబర్ తరువాత విసుక్కున్నాడు. నా మట్టుకు నాకు ఆ విసుగు న్యాయమే అనిపిస్తుంది, ఎందుకంటే తిట్టే ఆడమనిషీ, తిట్లు తినే మగవాడూ పాటలోంచి వెళ్లిపోయాక మిగిలింది నిజంగానే కుక్క.

మూడవ సమాధానం:
ఆ మాటను అక్షరాలా తీసుకున్నవారూ ఉన్నారు. 1956 జులై 1న స్టీవ్ అలెన్ తన టెలివిజన్ కార్యక్రమంలో ఎల్విస్‌కు టెయిల్‌కోటు తొడిగించి, టోపీ పెట్టిన ఒక బాసెట్ హౌండ్ జాతి వేటకుక్కను ఎదురుగా నిలబెట్టి దానికే ఈ పాట పాడించాడు. మర్నాడే న్యూయార్క్‌లోని ఆర్‌సీఏ రికార్డింగ్ సంస్థ స్టూడియోలో ఎల్విస్ దీన్ని 31 టేకుల దాకా పాడాడు. మీరు అడిగిన ఆవేశం ఆ రోజుది. అందుకే ఆ రికార్డులో అర్థాన్ని మాటల్లో కాకుండా, డి.జె. ఫోంటానా డ్రమ్ముల మోతలోనూ స్కాటీ మూర్ గిటార్‌లోనూ వెతకాలని నా అభిప్రాయం. ఈ పాట వల్ల తనకు దక్కింది ఒకే ఒక్క 500 డాలర్ల చెక్కు అని థార్న్‌టన్ మాత్రం చెప్పుకున్నారు.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే థార్న్‌టన్ రికార్డు విన్నాను. చివర్లో వాద్యబృందం వాళ్లు కుక్కల్లా మొరుగుతూ ఊళలు వేస్తుంటే, గుమ్మం బయట నిలబడిన ఆ మగవాడు కళ్లకు కట్టాడు.